జిబహ్‌తో బాధ్యత తీరిపోదు

2024 జూన్ 17, సోమవారం. బక్రీదు పండుగ. కొత్తచెరువులో ఆ రోజు ఎండ లేదు. ఉదయం నుంచే మబ్బు కమ్మి, గాలి ఆగిపోయి, ఒళ్లంతా ఉక్కపోతగా ఉంది. ఈద్ నమాజు ముగిసిన వెంటనే మా మదర్సా ఆవరణలో పొట్టేళ్లు, మేకపోతులు కలిపి పదకొండు జిబహ్ అయ్యాయి. ఊరిలోని పేద కుటుంబాలకు చేరవలసిన వాటాలను చాలామంది మా చేతికే అప్పగించారు. మాంసాన్ని పెద్ద ప్లాస్టిక్ తొట్లలోకి ఎత్తి, ఈగలు వాలకుండా పైన టార్పాలిన్ కప్పి, వరండాలో ఒక మూలకు చేర్చాము. ఎండ లేదు కదా, ఏమవుతుందిలే అనుకున్నాము. అంతలో అతిథులు వచ్చారు, భోజనాలు అయ్యాయి, జుహర్ నమాజు అయింది. పంపిణీ మొదలయ్యేసరికి అస్ర్ దాటింది.

రెండు రోజుల తరువాత మా విద్యార్థి ఒకడు పాఠం ముగిశాక కూడా లేవకుండా కూర్చున్నాడు. తండ్రి లేని పిల్లవాడు. తల్లి బీడీలు చుట్టి ఇల్లు నడుపుతుంది. ఏమిటని అడిగితే, తల వంచుకొని మెల్లగా అన్నాడు: "హజ్రత్, అమ్మీ ఆ మాంసాన్ని పూడ్చిపెట్టేసింది. పొయ్యి మీద పెడితే వాసన వచ్చింది. ఎవరికీ చెప్పొద్దంది."

పండుగ కూర కోసం ఆ తల్లి అప్పుగా తెచ్చుకున్న నూనె, ఉల్లిపాయలు కూడా ఆ మాంసంతోపాటే మట్టిలో కలిశాయి. అయినా ఆమె ఎవరినీ నిందించలేదు. ఆ మౌనమే మమ్మల్ని నిలదీసింది. దాదాపు ముప్పై ఏళ్లుగా మేము ఖుర్బానీ మస్అలాలు బోధిస్తున్నాము. పశువు వయసెంత ఉండాలి, కొమ్ము విరిగితే చెల్లుతుందా, కుంటిదైతే ఏమి చేయాలి, కత్తి ఏయే నరాలను తెంచాలి అన్నీ చెప్పాము. కత్తి పని ముగిసిన తరువాత ఏమి జరగాలో మాత్రం ఒక్క పాఠంలోనూ చెప్పలేదు. అల్లాహ్ పేరున తీసిన ప్రాణం, పేదవాని హక్కుగా నిర్ణయమైన వాటా, మా చేతుల్లో అమానతుగా ఉండి పాడైపోయింది.

కత్తి పట్టుకొని పరుగెత్తిన బాలుడు

ఈ సంగతి మసీదులో ఒక పెద్దాయన చెవిన వేశాము. డెబ్బై దాటిన మనిషి. మొదటి వరుస తప్పకుండా నమాజు చేసే మనిషి. ఆయన కాసేపు ఊరుకొని అన్నారు: "మౌల్వీ సాబ్, మాంసానికి గాలి తగలల్ల. తొట్టిలో కుక్కి మూత పెడితే అది తన వేడికి తానే ఉడికిపోతాది. అడవిలో ఈ తప్పు చేసుంటే మా షికారోళ్లు నన్ను కొట్టేటోళ్లు."

అప్పుడు తెలిసింది ఆయన బాల్యం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు, పెనుకొండ చుట్టుపక్కల గుట్టలకు పట్టణాల నుంచి వేటగాళ్లు వచ్చేవారట. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో ఈయనకు ఒకటే పని. తుపాకీ పేలి జంతువు పడగానే, ప్రాణం పోకముందే కత్తి పట్టుకొని పరుగెత్తి, బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అని జిబహ్ చేయాలి. ఆలస్యమైతే ఆ మాంసం ముస్లిములకు పనికిరాదు. జిబహ్ అయ్యాక రెండవ పరుగు మొదలయ్యేది. జంతువును నీడకు ఈడ్చి, ఆలస్యం లేకుండా కడుపు తెరిచి పేగులు తీసి, కొమ్మకు తలకిందులుగా వేలాడదీసి, పక్కటెముకల మధ్య ఒక పుల్లను అడ్డంగా నిలిపి లోపలికి గాలి ఆడేలా చేసేవారు. వంటకు తొందరపడేవారు కారు.

"గుండు తగిలినాక దూరం పరుగెత్తిన జింక మాంసం నల్లగా, జిగటగా ఉంటాది. రుచి ఉండదు, నిలవ ఉండదు. మేత మేస్తా నిలబడిన చోటనే పడిందానిది వేరే రుచి" అన్నారు ఆయన. ఈ మాట వినేసరికి మాకు గుర్తుకు వచ్చింది, కోస్తా జిల్లాల్లో నేటికీ మేక మాంసాన్ని 'వేట మాంసం' అనే అంటారు. తెలంగాణలో 'యాట కూర' అంటారు. వేట పోయినా పేరు మిగిలింది. పేరుతోపాటు మిగలవలసిన జాగ్రత్త మాత్రం మన చేతుల్లో నుంచి జారిపోయింది.

పెద్దాయన చెప్పినదానికి మాంస శాస్త్రం కూడా సాక్ష్యమిస్తుంది. జీవి ప్రాణంతో ఉన్నప్పుడు దాని కండరాలలో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఉంటుంది. ప్రాణం పోయాక ఆ చక్కెర లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. దానివల్ల మాంసం స్వల్పంగా పులుపెక్కుతుంది. సుమారు 7 ఉన్న పీహెచ్ ఒక రోజులో 5.5, 5.8 మధ్యకు దిగుతుంది. ఈ పులుపే సూక్ష్మజీవుల పెరుగుదలను అదుపు చేస్తుంది, మాంసానికి మంచి రంగునూ రుచినీ ఇస్తుంది. బెదిరి, పరుగెత్తి, పెనుగులాడి అలసిపోయిన జంతువులో ఆ చక్కెర ముందే ఖర్చయిపోతుంది. ఆమ్లం పుట్టదు. మాంసం నల్లబడి, బిరుసెక్కి, త్వరగా చెడుతుంది. అడవి జింకకు జరిగేది, సంత నుంచి ఆటోలో కుక్కి తెచ్చి, మిగతా పశువుల ఎదుటే ఈడ్చి పడవేసిన పొట్టేలుకూ జరుగుతుంది.

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) మనకు ఇచ్చిన ఆదేశాన్ని ఈ వెలుగులో మరొకసారి తలచుకుందాం. హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన, సహీహ్ ముస్లింలో ఉన్న ఆ హదీసు సారాంశం ఇది: అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఇహ్‌సాన్‌ను, అంటే పనిని అత్యుత్తమంగా చేయడాన్ని, విధిగా నిర్ణయించాడు, కనుక జిబహ్ చేసేటప్పుడు ఉత్తమంగా చేయాలి, కత్తికి పదును పెట్టుకోవాలి, జంతువుకు ఉపశమనం కలిగించాలి. ఈ ఆదేశం జంతువు పట్ల దయకు సంబంధించినది. ఆ దయ ప్రతిఫలం చివరకు తినేవాని విస్తరికే చేరడం మన ప్రభువు ఏర్పాటులోని సౌందర్యం.

మూడు రోజుల వేట, ఒక్క షరతు

వేట మస్అలాలను పాఠ్యాంశంగా మేము ఎన్నోసార్లు చదివించాము. మన ఊళ్లలో వేటే లేదు కదా, ఈ అధ్యాయం ఎందుకని విద్యార్థులు అడుగుతుంటారు. ఆ అధ్యాయంలో రెండు హదీసులు మా వరండాలోని తొట్ల గురించే చెప్పినట్టు ఇప్పుడు అనిపిస్తున్నది.

మొదటిది హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) ప్రశ్నలకు దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన సమాధానం. శిక్షణ పొందిన కుక్కను అల్లాహ్ పేరు పలికి వదిలితే, అది పట్టి తెచ్చినదాన్ని తినవచ్చు. అది తానే కొంత తినివేసి ఉంటే తినరాదు. వేరే కుక్కలు కూడా కలిశాయేమోనని సందేహం ఉంటే తినరాదు. బాణం తగిలిన జంతువు నీటిలో పడి కనిపిస్తే తినరాదు, ఎందుకంటే అది బాణంతో చనిపోయిందో నీటిలో మునిగి చనిపోయిందో తెలియదు. అనుమానం వచ్చిన చోట చేయి వెనక్కు తీసుకోవాలన్నది ఇక్కడి నీతి.

రెండవది హజ్రత్ అబూ సాలబా ఖుషనీ (రజి) ఉల్లేఖించినది. సహీహ్ ముస్లింలో ఉంది. బాణం తగిలి కనిపించకుండా పోయిన జంతువు మూడు రోజుల తరువాత దొరికినా తినవచ్చునని దైవప్రవక్త (సఅసం) అనుమతించారు. ఒకే ఒక షరతు పెట్టారు: అది దుర్వాసన కొట్టకుండా ఉండాలి. అంటే బిస్మిల్లాహ్‌తో హలాల్ అయిన మాంసం విషయంలోనూ, అది చెడిందా లేదా అన్నది షరీఅత్ దృష్టిలో ఒక ప్రశ్నే. ఇమామ్ నవవీ (రహ్మలై) దీనికి వివరణగా, హాని భయం లేకపోతే ఈ వారింపు అయిష్టత స్థాయిలోదని, హాని కలుగుతుందన్న భయముంటే తినడం నిషిద్ధమని రాశారు. మసాలా వాసనను కప్పగలదు, చెడును కప్పలేదు. కొన్ని సూక్ష్మజీవులు మాంసంలోకి విడిచే విషం ఎంత ఉడికించినా పోదు. ఆ తల్లి మాంసాన్ని మట్టిలో కలిపి తన పిల్లలను కాపాడుకున్నది. తప్పు ఆమెది కాదు, ఆమెకు ఆ స్థితి తెచ్చిన మాది.

కుందేలు ప్రశ్న

పెద్దాయన కబుర్లు మా విద్యార్థుల చెవిన కూడా పడ్డాయి. పిల్లల మనసు ఎటు పరుగెత్తుతుందో చెప్పలేము. వారం తిరగకముందే ఒక కుర్రవాడు వచ్చి అడిగాడు: "హజ్రత్, మా మామూ వేరుశనగ చేనిలో ఉచ్చు పెట్టి కుందేలును పట్టాడు. బిస్మిల్లాహ్ చెప్పే ఉచ్చు బిగించాడట. హలాలేనా?"

కుందేలు మాంసం స్వతహాగా హలాల్ అన్నదానిలో సందేహం లేదు. మర్రుజ్జహ్రాన్ వద్ద తరిమి పట్టిన కుందేలును హజ్రత్ అబూ తల్హా (రజి) జిబహ్ చేసి, దాని తొడ భాగాన్ని దైవప్రవక్త (సఅసం) వారికి పంపగా ఆయన స్వీకరించారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. అయితే ఉచ్చు బిగిసి ఊపిరాడక చనిపోయినది కుందేలైనా జింకైనా మృత పశువే. దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరా మూడవ ఆయతు గొంతు నులిమి చచ్చినదాన్ని, దెబ్బ తగిలి చచ్చినదాన్ని, ఎత్తు నుంచి పడి చచ్చినదాన్ని నిషేధాల జాబితాలో చేర్చింది. ఉచ్చు బిగించేటప్పుడు బిస్మిల్లాహ్ అన్నంత మాత్రాన దాని బిగువుకు కత్తి హోదా రాదు. అడవి పందుల కోసం చేల చుట్టూ లాగే కరెంటు తీగకు తగిలి చచ్చినదానికీ ఇదే తీర్పు. ఆ తీగలు పశువులను, మనుషులను కూడా బలి తీసుకుంటున్న సంగతి రైతు సోదరులకు మేము చెప్పనవసరం లేదు. తుపాకీ గుండు సంగతి కూడా హనఫీ ఉలమాలలో అత్యధికుల దృష్టిలో ఇంతే. గుండు తన దెబ్బతో చంపుతుంది, పదునుతో కోయదు. ప్రాణం ఉండగా జిబహ్ చేస్తేనే అది హలాల్. అందుకే ఆనాడు ఆ బాలుడు కత్తి పట్టుకొని పరుగెత్తాడు.

ఇక రెండవ మాట. నేడు మన దేశంలో కుందేలు, కౌజు, నెమలి, జింక వేటినీ వేటాడరాదు. వేటాడిన జంతువు మాంసాన్ని దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. జైలు శిక్ష ఉంది. ఆహారం కోసం వేట ఇస్లాంలో అనుమతి పొందిన పనే తప్ప విధి కాదు. అనుమతి ఉన్న పనిని ప్రజాహితం కోసం చట్టం ఆపితే, ఆగడమే విశ్వాసికి శోభ. నిజానికి వేటకు హద్దులు గీయడం మనకు కొత్త కాదు. ఇహ్రామ్‌లో ఉన్నవారికి భూమి మీది వేటను అల్లాహ్ నిషేధించాడు. మక్కా, మదీనా హరంలలో వేట జంతువును బెదిరించడం కూడా తగదు. ప్రాణమున్న దాన్ని గురి చూసే ఆటవస్తువుగా చేసుకోవడాన్ని దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా ఖండించారు.

హద్దు లేని వేట ఏమి చేస్తుందో మన సీమకు తెలుసు. బట్టమేక పిట్టను ఒకప్పుడు దాని మాంసం రుచి కోసం వేటాడారు. దాని రక్షణ కోసం 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం ఏర్పడింది. ఈనాడు దేశం మొత్తం మీద ఆ పక్షులు చాలా కొద్దిగా మాత్రమే మిగిలాయి. వేటకుక్కలా మచ్చిక చేసుకొని జింకల మీదికి వదిలిన చీతా మన దేశంలో అంతరించిందని 1952లోనే ప్రకటించారు. అల్లాహ్ సృష్టిలోని ఒక జాతిని మన నాలుక రుచికి తుడిచివేసే హక్కు మనకు ఎవరిచ్చారు? కనుక ఆ కుర్రవానితో మేము ఇదే చెప్పాము: "బాబూ, పెద్దాయన దగ్గర నేర్చుకోవలసింది వేట కాదు. వేట తరువాతి జాగ్రత్త. దాన్ని మన పొట్టేలు మీద చూపుదాం."

కత్తికి ముందు, కత్తి తరువాత

పెద్దాయన చెప్పినవి, ఫిఖ్హ్ గ్రంథాలలో ఉన్నవి, పశువైద్యులను అడిగి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ వరుసగా పెడుతున్నాము. బక్రీదుకే కాదు, అఖీఖాకు, వలీమాకు, ఇంట్లో కోసిన ప్రతి పశువుకూ ఇవి వర్తిస్తాయి.

పశువును కనీసం రెండు మూడు రోజుల ముందే తెచ్చి, నీడలో కట్టి, కొత్త చోటుకు అలవాటు పడనివ్వాలి. జిబహ్‌కు ముందు రాత్రి మేత ఆపి, నీరు మాత్రం సమృద్ధిగా ఇవ్వాలి. కడుపు నిండుగా ఉంటే పేగులు తీసేటప్పుడు చిట్లి మాంసం మలినమవుతుంది. ఒక పశువు ఎదుట మరొకదాన్ని కోయరాదు, దాని కంటి ముందు కత్తి నూరరాదు.

జిబహ్ అయ్యాక రక్తం పూర్తిగా కారనివ్వాలి. కత్తిని వెన్నుపాము దాకా దించడం మక్రూహ్ అని ఫుఖహాలు చెప్పారు.  శరీరంలో రక్తం నిలిచిపోకుండా చూడాలి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. పశువు చల్లబడకముందు తోలు తీయరాదని పెద్దలు చెప్పిన మాట విని, కొందరు దాన్ని గంటల తరబడి అలాగే వదిలేస్తారు. హనఫీ ఫిఖ్హ్‌లో ప్రామాణికమైన 'హిదాయా' గ్రంథంలో ఇమామ్ మర్గీనానీ (రహ్మలై) ఈ చల్లబడడాన్ని వివరిస్తూ, కదలిక ఆగి జంతువు నిశ్చలం కావడమని చెప్పారు. అంటే ప్రాణం పూర్తిగా పోయేదాకా ఆగాలి; అక్కడి నుంచి మాత్రం ఆలస్యం చేయరాదు. తోలు లోపల వేడి దుప్పటి కప్పినట్టు నిలిచిపోతుంది. కడుపులో పేగులు ఉబ్బుతాయి. అర గంటలోపు పేగులు బయటకు రావాలి.

తోలు తీసేటప్పుడు వెంట్రుకల వైపు బయటకు మడుస్తూ రావాలి. తోలు పట్టిన చేయి కడుక్కోకుండా మాంసాన్ని ముట్టరాదు. మేకపోతుకు ఉండే ఘాటైన వాసన చాలావరకు దాని కొమ్ముల వెనుక ఉన్న గ్రంథులలో, వెంట్రుకలలో ఉంటుంది. అది చేతి ద్వారానే మాంసానికి అంటుతుంది. అన్నవాహికను, మలద్వారం వైపు పేగును దారంతో కట్టి తీస్తే లోపలిది చిందదు.

హనఫీ గ్రంథాలలో జంతువు శరీరంలోని ఏడు భాగాలను తినరాదని ఉంది: పారే రక్తం, పిత్తాశయం, మూత్రాశయం, గ్రంథులు, వృషణాలు, మగ, ఆడ జననాంగాలు. వీటిలో పారే రక్తం హరామ్, మిగిలినవి మక్రూహ్. ఈ జాబితా చెప్పగానే పెద్దాయన నవ్వి, "పిత్తం తిత్తి, ఉచ్చ తిత్తి చిట్లకుండా తీయడమే మా షికారోళ్లు నాకు నేర్పిన మొదటి పని. పిత్తం ఒక్క చుక్క పడితే ఆ ముక్క చేదే" అన్నారు. షరీఅత్ దూరం పెట్టమన్నవాటినే వేటగాడు రుచి కోసం దూరం పెట్టాడు.

తరువాత కళేబరాన్ని నీళ్లతో ముంచి కడగరాదు. తడి ఉన్న చోట సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. మలినం అంటిన చోటును మాత్రం కోసి తీసివేయాలి లేదా ఆ కాస్త భాగాన్నే కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. నీడలో, గాలి ఆడే చోట వేలాడదీసి, ఈగలు వాలకుండా పలుచని గుడ్డ చుట్టాలి. ఫ్యాను ఉంటే మరీ మంచిది. పైపొర ఆరిన వెంటనే ముక్కలు చేసి, వెడల్పాటి పళ్లాలలో పలుచగా పరచాలి. తొట్టిలో రాశి పోయకూడదు, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించకూడదు. రాశి మధ్యలోని మాంసం బయట ఎంత చల్లగా ఉన్నా గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా ఉండే వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అనుకూలమైన స్థితిలో వాటి సంఖ్య ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. అందుకే కోసిన మాంసాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచరాదని, వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే గడువని ఆహార నిపుణులు హెచ్చరిస్తారు. ఆ ఈద్ రోజున మా వరండాలోని తొట్లు ఆరేడు గంటలు అలాగే ఉన్నాయి.

వంటింటి సోదరీమణులకు

మాంసం బిరుసెక్కిందని చాలా ఇళ్లలో వినిపించే ఫిర్యాదుకు కారణం సాధారణంగా వంట కాదు, వేళ. జిబహ్ అయిన కొద్ది గంటలకు కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగువులో ఉండగా వండితే ఎంత ఉడికించినా ముక్క పీచుగా ఉంటుంది. కనుక రెండే మార్గాలు. ఒకటి, బిగుసుకోకముందే వెంటనే వండడం. కాలేయం లాంటివి త్వరగా ఉడుకుతాయి, నిల్వకు ఆగవు. ఈద్ నమాజు నుంచి వచ్చాక మొదటి వంట వాటితో కావడం అన్ని విధాలా శ్రేష్ఠం. రెండవది, ఫ్రిజ్‌లో కింది అరలో, 4 డిగ్రీలు మించని చల్లదనంలో ఒక రోజు విశ్రాంతి ఇచ్చి, బిగువు సడలాక వండడం.

వేడి తగ్గని మాంసాన్ని పెద్ద మూటగా నేరుగా ఫ్రీజర్‌లో పెట్టడం రెండు విధాల నష్టం. మూట మధ్యలో వేడి నిలిచి చెడుతుంది. బయటి భాగం బిగువు పూర్తి కాకముందే అతి చల్లదనానికి ముడుచుకొని మరింత బిరుసెక్కుతుంది. అర కిలో, కిలో చొప్పున పలుచని పొట్లాలుగా చేసి, ముందు కింది అరలో చల్లబరిచి, ఆపై మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌కు మార్చాలి. ఒకసారి గడ్డ కరిగిన పచ్చి మాంసాన్ని మళ్లీ గడ్డ కట్టించవద్దు.

ఫ్రిజ్ లేని ఇంటికి మన పూర్వీకులు చూపిన మార్గం ఉంది. జిల్‌హజ్జా 11, 12, 13 తేదీలను 'అయ్యామె తష్రీఖ్' అంటాము. ఆ పేరు రావడానికి ఉలమాలు చెప్పిన కారణాలలో ప్రసిద్ధమైనది, అరబ్బులు ఆ రోజుల్లో ఖుర్బానీ మాంసాన్ని పలుచగా కోసి ఎండలో ఆరబెట్టేవారని. మన సీమ ఎండకు ఈ పని ఇంకా సులువు. కొవ్వు తీసిన మాంసాన్ని వేలు మందం పట్టీలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం దట్టంగా పట్టించి, దారానికి గుచ్చి, పలుచని గుడ్డ కప్పి, గలగలలాడేదాకా రెండు మూడు రోజులు ఎండబెడితే మన ఇళ్లలో 'సూఖా గోష్' అని పిలుచుకునే ఎండు కండలు సిద్ధం. కొవ్వు వదిలితే ముక్కవాసన వస్తుంది. అందుకే దాన్ని ముందే తీయాలి.

మొదటి వాటా ఎవరిది?

ఇన్ని జాగ్రత్తలలో మాకు ఎక్కువ విలువైనదిగా తోచినది ఏ గ్రంథంలోనూ వెతకనవసరం లేనిది. ఫ్రిజ్ ఉన్న బంధువు ఇంటికి వాటా రాత్రి వెళ్లినా నష్టం లేదు. ఫ్రిజ్ లేని ఇంటికి వాటా మొదటి గంటలోనే చేరాలి. మనం చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు. బంధువులకు, హోదా గలవారికి ఉదయమే తాజా తొడ భాగాలు వెళతాయి. మిగిలినవి, ఎముకలు, పొర ముక్కలు, సాయంత్రం దాకా పేదల కోసం ఆగుతాయి. దైవప్రవక్త (సఅసం) ఒక ఏడాది ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి దాచవద్దన్నారు. తరువాత దాచుకోవడానికి అనుమతిస్తూ, ఆనాడు మదీనాకు వచ్చిన పేదల కోసమే అలా ఆపానని తెలిపారని హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా మనకు చేరింది. నిల్వ చేసుకోవడం కూడా పేదవాని అవసరం చూసి నిర్ణయమైన ధర్మం మనది.

2025 జూన్ 7న వచ్చిన బక్రీదుకు మా మదర్సాలో తొట్లు లేవు. రెండు రోజుల ముందే పందిరి వేసి, గుంజలకు అడ్డ కర్రలు కట్టి, కొక్కేలు వేలాడదీశాము. పశువులన్నిటినీ ఒకేసారి కాకుండా రెండు రెండుగా జిబహ్ చేయించాము. పెద్దాయన కుర్చీ వేసుకొని కూర్చొని, పెద్ద విద్యార్థులకు పేగులు తీసే పని దగ్గరుండి నేర్పారు. ముందే రాసుకున్న పేర్ల జాబితాలో ఫ్రిజ్ లేని ఇళ్లు పైన ఉన్నాయి. ఒక్కొక్క పశువు ముక్కలయ్యే కొద్దీ సైకిళ్ల మీద పిల్లలు వాటాలు తీసుకొని వెళ్లారు. జుహర్ అజాన్‌కు ముందే ఆ జాబితా పూర్తయింది. అల్‌హమ్దులిల్లాహ్.

ఆ పిల్లవాని తల్లికి వాటా చేరినది తొలి విడతలోనే. మేము అందులో ఒక తొడ ముక్క ప్రత్యేకంగా పెట్టించాము. మరునాడు పిల్లవాడు ఒక స్టీలు డబ్బా తెచ్చి మా ముందు పెట్టాడు. మూత తీస్తే కూర. "అమ్మీ ఇమ్మంది హజ్రత్" అన్నాడు. గత ఏడాది సంగతి ఆమె ఎత్తలేదు, మేమూ ఎత్తలేకపోయాము. ఆ కూర తింటున్నప్పుడు మా కళ్లు తడి కావడానికి కారణం కారం మాత్రం కాదు.

చాంద్రమాన సంవత్సరం ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో బక్రీదు మే చివరి వారంలో వస్తున్నది. ఆ తరువాత కొన్నేళ్లు అది మే, ఏప్రిల్ నెలల్లోనే, అంటే మన ప్రాంతపు నడి వేసవిలోనే ఉంటుంది. కొత్తచెరువు, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతాల మసీదు కమిటీలకు మా విన్నపం ఒక్కటే. ఈద్‌గాహ్‌కు షామియానా మాట్లాడే రోజునే మాంసానికి కూడా ఒక పందిరి మాట్లాడండి. ఫ్రిజ్ లేని ఇళ్ల జాబితా ముందే రాసుకోండి. ఖుర్బానీ పశువుల మాంసంగానీ, రక్తంగానీ అల్లాహ్‌ను చేరవని, ఆయనను చేరేది మన తఖ్వా మాత్రమేనని అల్ హజ్ సూరా బోధిస్తున్నది. మాంసం చేరవలసింది పేదవాని ఇంటికి. అది అక్కడికి ఏ స్థితిలో చేరిందన్నదానిలోనే మన తఖ్వా కొంత కనబడుతుంది.

అల్లాహ్ మన ఖుర్బానీలను స్వీకరించుగాక. మన చేతికి అందిన అమానతులను చెడకుండా, తగ్గకుండా, ఆలస్యం కాకుండా వాటి హక్కుదారులకు చేర్చే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.